ఐలయ్య ఇంటి బొమ్మ

నాలుగేళ్ళ కిందటి ఎండాకాలంలో మా ఇంట్లో మళ్ళీ దారం కింద వంగి నడవడం మొదలైంది.

మా ఆయన చక్రపాణి భవనాల బొమ్మలు గీస్తారు. ఇంకా పునాది కూడా తవ్వని భవనం, కట్టాక ఎలా ఉంటుందో ముందే కాగితం మీద చూపించడం ఆయన పని. పెద్ద భవనమైతే గీతలన్నీ వెళ్ళి కలిసే చుక్క కాగితం దాటి ఎక్కడో దూరంగా పడుతుంది. అప్పుడు వంటింటి గుమ్మం పక్క గోడకు గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, ఆ దారం సాయంతో గీతలు లాగుతారు. ఆ పని జరిగినన్నాళ్ళూ నేను కాఫీ గ్లాసు పట్టుకుని దారం కింద వంగి వెళ్ళాల్సిందే. కొత్త కాపురంలో విసుక్కునేదాన్ని. తర్వాత్తర్వాత దారం లేని రోజులే బావుండేవి కావు.

అలాంటి రోజులే ఎక్కువైపోయాయి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఏ మెట్లెక్కినా కంప్యూటర్‌లో అదే పని నేర్పే క్లాసులే. "నేను నెలరోజులు చేసేది వాళ్ళు మధ్యాహ్నం భోజనంలోపు చేసేస్తారు కుసుమా" అనేవారు. ఆ మాటలో కోపం ఉండేది కాదు. బంజారా హిల్స్‌లో ఇద్దరు ముగ్గురు ఆర్కిటెక్టులు మాత్రం, ఇల్లు కట్టించుకున్నవాళ్ళు ముందుగదిలో ఫ్రేము కట్టి పెట్టుకుంటారని, అప్పుడప్పుడూ ఒక బొమ్మ వేయించుకునేవారు. మిగతా రోజుల్లో ఈయన బ్రష్షులు కడిగినవే కడుగుతూ కూర్చునేవారు.

మేముండే అపార్ట్‌మెంటు అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య సందులో ఉండేది. మూడంతస్తులు, పాతది. స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపించేవి. వానొస్తే గోడలు చెమర్చేవి. పడగొట్టి కొత్తది కడతాం, ఎవరి ఫ్లాటు వాళ్ళకు పెద్దది చేసి ఇస్తాం అంటూ బిల్డర్లు రావడం, పోవడం చాలాకాలంగా జరుగుతూనే ఉంది. ఆ ఏడాది రామ్మోహనరావు అనే ఆయన వచ్చాడు. మేడ మీద షామియానా వేయించి, టీవీ పెట్టి, కట్టబోయే భవనం చూపించాడు. అద్దాల గోడలు, ఫౌంటెను, దాని చుట్టూ తిరుగుతున్న మనుషులు.

"గిందుల మనోల్లు ఎవరున్నరు సార్?" అని వెనక వరసలోంచి చంద్రమ్మ అడిగింది. "గా టోపీ పెట్టుకున్న తెల్లామె ఎవరు? మా ఇంటి ముంగట ఎందుకు తిరుగుతున్నది?"

అందరూ నవ్వారు. కానీ ఆ రోజు ఎవరూ సంతకం పెట్టలేదు.

చంద్రమ్మ వాళ్ళది కింద, గేటు పక్కనే ఉన్న రెండు గదుల ఇల్లు. ఆమె పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. భర్త ఐలయ్య ఆ స్థలం ఖాళీగా ఉన్నప్పటినుంచీ కాపలా కాసినవాడు. స్థలం యజమాని అపార్ట్‌మెంటు కట్టాక, ఆ రెండు గదులూ చంద్రమ్మ పేరున రాసిచ్చి వెళ్ళాడు. వాళ్ళకు పిల్లల్లేరు. కొన్నేళ్ళుగా ఐలయ్యకు మతిమరుపు. నేను పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగినప్పుడల్లా, గుమ్మంలో కూర్చుని, "కొత్తగ దిగిన్రా అమ్మా?" అని ఆప్యాయంగా పలకరించేవాడు. "అవును ఐలయ్యా, నిన్ననే" అనేదాన్ని. "మంచిగుంటది గీడ. నీళ్ళకు ఫికర్ లేదు" అనేవాడు.

అందరూ ఒప్పుకుంటే తప్ప పని మొదలుకాదు. ఆ టీవీ బొమ్మ చూశాక కొందరు మెత్తబడ్డారు గానీ చంద్రమ్మ మాత్రం ససేమిరా అంది.

"మా పెద్దమనిషికి అన్నీ పోయినయి, ఇల్లొక్కటే ఎరుక" అని నాతో అంది. "చీకట్ల సుత లేశి తానే పోయి నీళ్ళు తాగుతడు. నన్ను గుర్తువట్టని రోజు ఉన్నది గని, గా తలుపు గుర్తువట్టని రోజు లేదు. గీ ఇల్లు తీసేస్తే ఆయన యాడుంటడమ్మా?"

ఆ వారంలోనే రామ్మోహనరావు మా ఇంటికి వచ్చాడు. గోడ మీది బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"కంప్యూటర్ బొమ్మలో జనానికి బిల్డింగు కనిపిస్తుందండీ. మీ బొమ్మలో ఇల్లు కనిపిస్తోంది" అన్నాడు. "మన భవనం మీరు వేయండి చక్రపాణి గారూ. మీ వాళ్ళు మీ చేతిని నమ్ముతారు."

అతను మోసం చేయాలనే వచ్చాడని నేను ఇప్పటికీ అనలేను. తనూ నమ్మే మాట్లాడాడు. అతను వెళ్ళగానే మా ఆయన స్టూలు తెచ్చుకుని గోడకు గుండుసూది గుచ్చారు.

ఏప్రిల్ ఎండలో ఫ్యాను కూడా ఆపుకుని పనిచేశారు. గాలికి రంగు ముందే ఆరిపోతే మరకలు కడుతుందట. కాగితం తడిపి, చెక్కబల్లకు అతికించి, అది డోలు తోలులా బిగుసుకున్నాక పెన్సిలు పెట్టారు. ఆపైన సిరా గీతలు. ఆపైన పలుచటి రంగు నీళ్ళు, ఒక పొర ఆరాక ఇంకో పొర. బిల్డరు చూపించిన అద్దాల గోడలు తీసేశారు. బాల్కనీల్లో బట్టలు ఆరేశారు, గేటు దగ్గర కూరగాయల బండి పెట్టారు. "నీడ సరిగ్గా పడితేనే గోడ నిలబడుతుంది కుసుమా" అంటూ నన్ను పిలిచి చూపించేవారు. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా ఏళ్ళయింది. ఆ వెలుగు చూస్తూ నేను సంతకం పెట్టాను. ఆయనా పెట్టారు. బొమ్మను కింద గేటు దగ్గర పెట్టిన రోజున పై అంతస్తులవాళ్ళంతా వరసగా పెట్టేశారు.

చంద్రమ్మ కూడా వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"మా ఇల్లు కనవడ్తలేదు సార్" అంది.

"కింద, లోపలివైపు వస్తుంది చంద్రమ్మా. ఈ కోణంలోంచి కనిపించదు."

"అయితె కనవడేటట్టు గీయున్రి."

ఆయన ఆ సాయంత్రమే పుస్తకం, పెన్సిలు పట్టుకుని కిందికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. చంద్రమ్మ చెబుతూ ఉంటే ఆయన గుర్తులు వేసుకున్నారు. గుమ్మం సందువైపే ఉండాలి. మెట్టు ఎత్తుండొద్దు, ఒక్కటే ఉండాలి. తలుపుకు ఇదే ఆకుపచ్చ రంగు. తలుపు తీయగానే ఎడమపక్క నీళ్ళ బిందె. ఐలయ్య మంచం మీంచి అంతా వింటూ, "కొత్తిల్లా సార్? ఎవలకు?" అని అడిగాడు.

"మీకే" అన్నారు మా ఆయన.

బిల్డరుకు ఫోను చేసి, చంద్రమ్మ అడిగినవన్నీ ప్లానులో ఉంటాయా అని కూడా అడిగారు. "మీరు గీశాక ఇంకేముందండీ, అదే ప్లాను" అన్నాడట అతను. ఈయన అది పెద్ద గౌరవమనుకున్నారు.

ఆ రెండో బొమ్మ మొదటిదానికన్నా బాగా వచ్చింది. కింద వరండా, పొద్దుటి ఎండ, సగం తెరిచిన ఆకుపచ్చ తలుపు, గుమ్మం పక్కన మంచం, మంచం మీద భుజాన తువ్వాలతో ఒక మనిషి. చంద్రమ్మ మా ఇంటికి వచ్చి, బల్ల మీదకు వంగి చూసింది.

"గీయన ఎవరు?"

"ఐలయ్యే."

"గింత సన్నగున్నడా?" అని నవ్వింది. తర్వాత చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని, తలుపు మీద ఒక్క వేలు పెట్టి చూసింది. రంగు అంటుకోలేదు.

"యాడ పెట్టాలె సంతకం?"

బిల్డరు వదిలి వెళ్ళిన కాగితాలు మా టీవీ బల్ల మీదే ఉన్నాయి. ఆయన పెన్ను ఇచ్చారు. ఆమె అక్షరాలు కూడబలుక్కుంటూ రాసి, "పొయ్యి మీద పప్పున్నది" అంటూ కిందికి దిగిపోయింది.

మృగశిర కార్తె రోజున ఇళ్ళు ఖాళీ చేశాం. ఊరంతా చేపల కోసం పరుగులు పెడుతోంది, మా సందులో ఆటోట్రాలీల మీద బీరువాలు పోతున్నాయి. మేము మోతీనగర్‌లో అద్దెకు దిగాం. చంద్రమ్మ వాళ్ళకు ఎస్.ఆర్. నగర్‌లో, హాస్టళ్ళ మధ్య, మూడో అంతస్తులో ఒక గది దొరికింది. ఐలయ్యను ఆటో ఎక్కించేటప్పుడు అతను మా ఆయన చెయ్యి పట్టుకుని, "సార్, జర మా ఇల్లు సూస్తుండున్రి, పోయొస్తం" అన్నాడు.

భవనం పడగొట్టడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. జూలై వచ్చేసరికి అక్కడో గుంట, గుంట చుట్టూ రేకుల గోడ. గేటు ఉండే చోట రేకుల మీద రామ్మోహనరావు మా ఆయన వేసిన రెండో బొమ్మను పెద్ద ఫ్లెక్సీ వేయించి కొట్టించాడు. మెట్రో దిగి నడిచి వెళ్ళి ఇద్దరం చూశాం. బ్రష్షు గీతలు అరచెయ్యంత వెడల్పున ఉన్నాయి. తలుపు నిలువెత్తున ఉంది. ఈయన మొహమాటపడుతూ, "ఇంత పెద్దది చేసినా నీడ చెడలేదు చూడు" అన్నారు. ఆ దారిన పోయే పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు.

వారం తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం, ఆ సందులో ఇస్త్రీ బండి పెట్టుకునే నరేశ్ ఫోను చేశాడు.

"సార్, మీ కింది ఇంటి తాత ఈడున్నడు. నేను పిలిస్తే ఇంటలేడు. జర జల్ది రాన్రి."

ముసురు పట్టి ఉంది. పంజాగుట్ట చౌరస్తాలో ఆటో కదలదు. మేం దిగి నడిచాం. సందు మలుపు తిరగకముందే రేకు చప్పుడు వినిపించింది. డబ్, డబ్, డబ్. ఐలయ్య తడిసి ముద్దయి, ఫ్లెక్సీ మీది ఆకుపచ్చ తలుపును అరచేత్తో కొడుతున్నాడు.

"చంద్రీ, తలుపు తియ్యవే. తడుస్తున్న."

నరేశ్ ఇస్త్రీ బండి వదిలేసి, గొడుగు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. మా ఆయన వెళ్ళి భుజం మీద చెయ్యి వేశారు.

"ఐలయ్యా, ఇది తలుపు కాదు. బొమ్మ."

ఐలయ్య ఆయన వైపు చూశాడు. కోపమేమీ లేదు ఆ చూపులో. "లోపట గొల్లెం ఏసుకున్నది సార్. నిద్ర వట్టినట్టుంది" అని మళ్ళీ కొట్టాడు.

కాసేపటికి చంద్రమ్మ వచ్చింది, కొప్పు ఊడిపోయి, ఆయాసపడుతూ. పొద్దుటినుంచీ గల్లీగల్లీ వెతుకుతోందట. అతని చేతిని గట్టిగా పట్టుకుని, "నేన్ గీడున్న, సూడు" అంది.

ఐలయ్య ఆమెను చూశాడు, మళ్ళీ తలుపును చూశాడు. "నువ్వు బయటికెట్లొచ్చినవే?" అన్నాడు.

ఆమె కొంగుతో అతని తల తుడిచింది. తిడుతుందేమోనని నేను ఎదురుచూశాను. తిడితే బావుండునని కూడా అనిపించింది. ఆమె ఫ్లెక్సీ వైపు ఒకసారి చూసి, మా ఆయనతో మెల్లగా అంది:

"మంచిగ గీసిన్రు సార్. నాకే తలుపు తీయబుద్ధయితున్నది."

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే బజారుకు వెళ్ళి బూడిదరంగు పెయింటు డబ్బా, గోడలకు వేసే వెడల్పాటి బ్రష్షు తెచ్చుకున్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన పంచె ఎగగట్టుకుని ఆ ఆకుపచ్చ తలుపు మీద పైనుంచి కిందికి పెయింటు పూయడం మొదలుపెట్టారు. గుంటకు కాపలా ఉన్న కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నవ్ సార్? గది మా సార్ పెట్టించింది."

"గీసింది నేను" అన్నారాయన, చెయ్యి ఆపకుండా.

తలుపు పోయింది. మెట్టు పోయింది. మంచం దగ్గరకు వచ్చాక మాత్రం చెయ్యి ఆగిపోయింది. మంచం మీది మనిషిని అలాగే వదిలేసి, బ్రష్షు డబ్బాలో పడేసి వచ్చేశారు.

ఆ నెలలోనే తెలిసింది, ఆ స్థలంలో తనకూ వాటా ఉందని పాత యజమాని తరఫు బంధువెవరో కోర్టుకెక్కాడని. పని ఆగిపోయింది. రామ్మోహనరావు మొదట్లో ఫోను ఎత్తి ధైర్యం చెప్పేవాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. వానలకు గుంట నిండి చెరువైంది. పై అంతస్తులవాళ్ళు ఎక్కడ కలిసినా మా ఆయనను, "మీకేమైనా తెలిసిందాండీ?" అని అడిగేవారు. ఎవరూ నిందించలేదు. అయినా ఆయన కూరల బజారుకు వెళ్ళడం మానేశారు, పొద్దున నడక మానేశారు. బంజారా హిల్స్ ఆర్కిటెక్టు ఒకాయన కబురు పెడితే, కంటిచూపు తగ్గిందని నాతో అబద్ధం చెప్పించారు. ఇప్పటికీ ఆ గుంట అలాగే ఉంది. మేం ఇప్పటికీ మోతీనగర్‌లోనే ఉన్నాం. ఐలయ్య ఆ ఏడు దసరాకు ముందే చనిపోయాడు.

అంతకన్నా ముందు జరిగింది ఒకటుంది, అది చెప్పాలి.

శ్రావణమాసంలో ఒకరోజు చంద్రమ్మ మా ఇంటికి వచ్చింది. ఆ రేకుల దగ్గర కలిసిన తర్వాత రావడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"మా పెద్దమనిషి మల్ల రెండుసార్లు ఆడికి పోయిండు సార్. నరేశే పట్టుకొచ్చిండు. నేనెంతసేపని తలుపు పెట్టుకొని కూసోవాలె? మా పాత ఇల్లు గీసియ్యున్రి. గోడకు పెడ్త. ఇల్లు కండ్ల ముంగటుంటే ఆడికి పోడేమో."

ఆమె వెళ్ళాక మా ఆయన మూలనున్న చెక్కబల్ల తీసి తుడిచారు. కాగితం తడిపి అతికించారు. పెన్సిలు పట్టుకుని కూర్చుని, అలాగే ఉండిపోయారు.

"ఏమైంది?" అన్నాను.

"ఆ గుమ్మానికి కుడిపక్కన ఏముండేది కుసుమా?"

"కరెంటు మీటర్లు."

"వాటి పైన కిటికీ ఉందా?"

"లేదు. చిన్న గూడు. దాంట్లో చంద్రమ్మ దీపం పెట్టేది."

ఆయన పెన్సిలు కింద పెట్టేశారు. "ఇన్నేళ్ళు రోజూ దాని ముందునుంచే దిగాను. ఎక్కడా లేని ఇళ్ళ నీడలు కూడా లెక్కగట్టాను. ఈ ఇంటిని ఒక్కసారీ చూడలేదు" అన్నారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఫోనులో ఫోటోలు వెతికాం. అన్నింట్లో మనుషులే అడ్డం, బతుకమ్మలు, పుట్టినరోజు కేకులు, వెనకాల గోడ ముక్క. చివరికి నేను చెబుతూ కూర్చున్నాను, ఆయన వేస్తూ కూర్చున్నారు. మెట్టు అంచు ఎక్కడ విరిగిందో చెప్పాను. డాల్డా డబ్బాలో తులసి చెప్పాను. తలుపు కింది చెక్క వాన నీళ్ళకు ఉబ్బి, రంగు లేచిపోయి ఉండేదని చెప్పాను. పొద్దుటి ఎండ ఎంతదాకా వచ్చేదో నాకు బాగా తెలుసు, ఆ గుమ్మం ముందే నేను వడియాలు పెట్టేదాన్ని. ఈసారి స్కేలు వాడలేదు. గీతలు కాస్త వణికాయి. ముసురుకు కాగితం ఆరక, ఒక్కో పొర వేశాక పూటంతా ఆగాల్సి వచ్చేది. ఆయన విసనకర్ర పట్టుకుని బొమ్మలోని తడి గోడకు విసురుతూ ఉండేవారు, జ్వరం వచ్చిన పిల్లకు విసిరినట్టు.

అయ్యాక ఫ్రేము కట్టించి, ప్లాస్టిక్ కవరు చుట్టి, వానలోనే ఎస్.ఆర్. నగర్ తీసుకెళ్ళాం. మెట్ల నిండా హాస్టలు కుర్రాళ్ళ చెప్పులు. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, రోడ్డు కనిపించే కిటికీ. ఐలయ్య బాగా చిక్కిపోయాడు. చంద్రమ్మ ఫ్రేము అందుకుని, కవరు విప్పి, బొమ్మను ఆ మూల నుంచి ఈ మూలకు చూసింది. ఉబ్బిన తలుపుచెక్క దగ్గర చూపు ఆగింది. మంచానికి ఎదురుగా మేకుకు తగిలించింది.

ఐలయ్య లేచి దగ్గరకొచ్చాడు. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా నిలబడి, మెట్టు చూశాడు, తులసి చూశాడు, తలుపు చూశాడు.

"మంచిగున్నది సార్" అన్నాడు ఐలయ్య. "ఎవలది?"

"మనదే" అంది చంద్రమ్మ.

"మనదా?" అతని ముఖం విప్పారింది. మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. "మనకు గిట్ల కడ్తున్నరా?"

చంద్రమ్మ విప్పిన కవరును మడత పెట్టింది.

"ఎప్పటికైతది సార్?" అని అడిగాడు ఐలయ్య.

మా ఆయన బొమ్మ చూసిన ప్రతివాళ్ళూ అడిగే మాటే అది. ఎప్పుడూ నవ్వి, బిల్డరు వైపు చూపించి తప్పుకునేవారు. ఆ గదిలో చూపించడానికి ఎవరూ లేరు. చంద్రమ్మ ఆయన వైపు చూసింది. తర్వాత ఐలయ్య వైపు తిరిగి, అతని చొక్కా గుండీ సరిచేస్తూ అంది:

"వానలు తగ్గంగనే. సారు చెప్పిండు."

ఐలయ్య తల ఊపాడు. మంచం కిందినుంచి చెప్పులు లాక్కుని తొడుక్కున్నాడు. తువ్వాల భుజాన వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, వాన తగ్గడం కోసం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.